బస్తీ జాబితా ఎవరు రాయాలి?
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నగరాల్లో పేదల ఇళ్ల గురించి, వాటిని నిలుపుకోవడానికో సాధించుకోవడానికో బస్తీవాసులు కలిసి చేయదగిన పనుల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఉత్తరాలు రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది మూసీ ఒడ్డుకు దగ్గరలో ఉన్న బస్తీ. మా అత్తగారి కాలం నుంచి ఇక్కడే ఉంటున్నాం. కరెంటు మీటర్లున్నాయి, నల్లా బిల్లు కడుతున్నాం. ఈమధ్య సర్వే పేరుతో అధికారులు వచ్చి వెళ్లారు. కొందరు కోర్టుకు వెళ్దామంటున్నారు, కొందరు ఎక్కడిస్తే అక్కడ డబుల్ బెడ్రూం ఇల్లు తీసుకుందామంటున్నారు, ధర్నా చేద్దామనేవాళ్లూ ఉన్నారు. మేం మొదట ఏం చేయాలి?
(ఒక పొదుపు సంఘం సభ్యురాలు, హైదరాబాద్)

జవాబు: ఆ మూడింటిలో ఏది సరైనదో మీ బస్తీ ఉన్న భూమి ఎలాంటిదో తెలియకుండా ఎవరూ చెప్పలేరు. ఆ స్థలం టౌన్ సర్వే రికార్డులో ఏ నంబరు కింద ఉన్నదో, అది సర్కారీ భూమో, శిఖమో (చెరువు గర్భంలోని భూమి), నదీ గర్భమో, వక్ఫ్ భూమో, దేవాదాయ శాఖదో, రైల్వేదో, ప్రైవేటు పట్టానో ముందుగా తహసీల్దారు కార్యాలయం నుంచి లిఖితపూర్వకంగా తెలుసుకోండి. 1956 నాటి మురికివాడల అభివృద్ధి చట్టం కింద మీ బస్తీ నోటిఫై అయిందా లేదా అన్నది జీహెచ్ఎంసీలోని అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ విభాగాన్ని అడగండి. నోటిమాటగా చెప్పి పంపేస్తే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టనక్కరలేదు. ఇది ఎందుకు ముఖ్యమంటే, 125 చదరపు గజాల లోపు స్థలాల్లో ఇళ్లు కట్టుకున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరించేందుకు 2014 డిసెంబరు 30న వచ్చిన జీవో 58 అభ్యంతరం లేని ప్రభుత్వ భూములకే వర్తిస్తుంది. అదే నది హద్దుల్లో ఉన్న ఇంటికి ఆ జీవో పేరు చెప్పి దరఖాస్తులు నింపించి డబ్బులు వసూలు చేసే మనుషులు ప్రతి బస్తీలోనూ తయారవుతారు.

రెండో పని, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పని, మీ జాబితా మీరే రాసుకోవడం. 2024లో మూసీ వెంబడి ఇళ్ల గోడల మీద తొలగింపు కోసం ఎర్ర రంగు గుర్తులు పడినప్పుడు, ఏ ఇల్లు లెక్కలోకి వచ్చింది, ఏది రాలేదు, ఒకే గడపలో ఉంటున్న ఇద్దరు అన్నదమ్ములను ఒక కుటుంబంగా రాశారా రెండుగానా అన్న ప్రశ్నల మీదనే బస్తీల్లో కలహాలు మొదలయ్యాయి. అధికారి చేతిలో ఒక జాబితా ఉండి మీ చేతిలో ఏదీ లేకపోతే, ప్రతి కుటుంబమూ విడివిడిగా వెళ్లి బతిమాలుకోవలసి వస్తుంది. మీ దగ్గర ఇంటింటి లెక్క ఉంటే మాత్రం రెండు జాబితాలకూ తేడా ఎక్కడుందో అధికారే చెప్పవలసి వస్తుంది.

జాబితాకు ఇంత బలం ఉంటుందా అని సందేహించేవారు ఓల్గా టెల్లిస్ కేసును గుర్తు చేసుకోవాలి. బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవారిని ఖాళీ చేయిస్తామని 1981లో అప్పటి ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే ప్రకటించినప్పుడు ఆ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఉందని 1985 జులైలో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ వాక్యాన్ని అందరూ ఉటంకిస్తారు. అదే తీర్పు పేవ్‌మెంటును ఆక్రమించుకునే హక్కు ఎవరికీ లేదని కూడా చెప్పింది. ప్రత్యామ్నాయ స్థలం చూపించాలన్నది ఎవరికంటే, 1976 లెక్కల్లో నమోదై గుర్తింపు కార్డు పొందిన మురికివాడ వాసులకు. అంటే ఎప్పుడో పదేళ్ల కిందట ఎవరో రాసిన లెక్కలో పేరు ఉండటం, లేకపోవడం అనేదే ఆఖరికి తేల్చింది. ఆ కాలంలోనే స్పార్క్ అనే స్వచ్ఛంద సంస్థ బొంబాయిలోని బైకుల్లా ప్రాంతంలో పేవ్‌మెంటు కుటుంబాలను లెక్కించింది. ఆ కుటుంబాల మహిళలే తరువాత మహిళా మిలన్ అనే సంఘంగా ఏర్పడ్డారు. జాకిన్ అర్పుతం నాయకత్వంలోని జాతీయ మురికివాడల సమాఖ్యతో కలిసి ఆ మహిళలు పొదుపు చేస్తూ, లెక్కలు రాస్తూ ఎదిగారు. అందువల్లనే ముంబయిలో రైలు పట్టాల పక్కన ఉండే వేలాది కుటుంబాలను తరలించినప్పుడు ఆ జాబితాల తయారీలో ఈ సంఘాలకు చోటు దక్కింది. ఆ తరలింపు అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. దుకాణదారుల ఫిర్యాదుల మీద విచారణ జరిగాక, ఆ పథకానికి అప్పు ఇచ్చిన ప్రపంచ బ్యాంకు 2006లో కొంతకాలం నిధులు ఆపింది. ఇరుకైన భవనాల మీద విమర్శలు ఇప్పటికీ ఉన్నాయి.

మీ జాబితాలో ప్రతి గడపకూ ఎవరెవరు ఉంటున్నారు, ఏ ఏడు వచ్చారు, ఏ పని చేస్తారు, పనిచోటు ఎంత దూరం, పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు, ఏ కాగితాలున్నాయి అన్నవి రాయండి. చేత్తో గీసిన పటం జతచేయండి. పనిచోటు దూరం రాయడం అనవసరమని అనిపించవచ్చు కానీ, రేపు ఇల్లు ఎక్కడివ్వాలన్న చర్చలో మీకు ఉపయోగపడేది ఆ గడే. రాసిన జాబితాను బస్తీ సమావేశంలో బిగ్గరగా చదివి, తప్పులు అక్కడే దిద్ది, సంతకాలు తీసుకుని, కలెక్టరుకూ జీహెచ్ఎంసీకీ ఇచ్చి రసీదు తీసుకోండి. నాయకుడి ఇంట్లో కూర్చుని రాసిన జాబితాను మొదట ప్రశ్నించేది అధికారులు కాదు, పక్కింటివాళ్లే.

దీనికోసం కొత్త సంఘం పెట్టాలా అంటే, పొదుపు సంఘాలు కలిసి ఏర్పరచుకున్న బస్తీ స్థాయి సమాఖ్య మీకు ఉంటే అదే చాలు. లేకపోతే 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులతో రిజిస్టరు చేసుకోవచ్చు. హైదరాబాద్‌కు ఈ పని కొత్తేమీ కాదు. బస్తీవాసులను కూడగట్టి వారి చేతనే పనులు చేయించాలన్న ఉద్దేశంతో ఇక్కడ 1967లోనే అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పథకం మొదలైంది. ‘కమ్యూనిటీ ఆర్గనైజర్’ అన్నది కార్పొరేషన్‌లో ఒక ఉద్యోగం పేరు కూడా. మీ సర్కిల్‌లో ఆ ఉద్యోగి ఎవరో కనుక్కోండి.

ధర్నా, కోర్టు ఈ రెండు పనుల తరువాతి మాట. స్టే వస్తే కొంత వ్యవధి దొరుకుతుంది, ఇల్లు దొరకదు.

ప్రశ్న: నేను ఇలాంటి బస్తీలోనే చాలా ఏళ్లుగా ఒక గదిలో కిరాయికి ఉంటున్నాను. సర్వేకు వచ్చినవారు ఇంటి యజమాని పేరు రాసుకుని వెళ్లిపోయారు. బస్తీ కమిటీ సమావేశానికి వెళ్తే కిరాయిదారులకు ఇక్కడేం పని అన్నారు. మాకు ఏ హక్కూ లేదా?
(ఒక భవన నిర్మాణ కార్మికుడు, హైదరాబాద్)

జవాబు: పై ఉత్తరం రాసినవారు ఈ ఉత్తరాన్ని కూడా చదవాలని కోరుతున్నాను. తరలింపు జాబితాలు సాధారణంగా కట్టడాన్ని లెక్కిస్తాయి, అందులో నిద్రపోయే మనుషులను కాదు. నాలుగు గదులు కిరాయికిచ్చిన యజమాని ఒక ఇంటికో రెండిళ్లకో హక్కుదారు అవుతాడు, ఆ గదుల్లోని నాలుగు కుటుంబాలు అడ్రసు లేకుండా పోతాయి. బస్తీ కమిటీలు యజమానుల కమిటీలుగా మారిపోవడానికి కారణం దురుద్దేశం ఒక్కటే అనుకోనక్కరలేదు. కిరాయిదారు పేరు రాస్తే తమకు రావలసిన పరిహారంలో వాటా అడుగుతారేమోనన్న భయం నిజంగానే ఉంటుంది. కానీ ఆ భయంతో కిరాయిదారులను బయట పెట్టిన బస్తీ తన జనాభాలో పెద్ద భాగాన్ని తానే కొట్టివేసుకున్నట్లు అవుతుంది. తరలింపు రోజున ఒక వర్గం తాళాలు అందుకుంటుండగా మరో వర్గం సామాన్లు రోడ్డు మీద పెట్టుకుంటే, ఐక్యత గురించి అంతవరకూ మాట్లాడినదంతా అక్కడితో ముగుస్తుంది.

మీ కమిటీకి నేను సూచించే మార్గం ఇది: ఒకే గడప నంబరు కింద యజమానికి ఒక వరుస, కిరాయి కుటుంబానికి మరో వరుస రాయండి. కిరాయిదారు పేరు నమోదు కావడం యజమాని పరిహారంలో వాటా కోరడం కాదని ఇద్దరూ సంతకం చేయండి. కిరాయిదారుల కోరికలు వేరుగా, స్పష్టంగా ఉండాలి. డబుల్ బెడ్రూం లబ్ధిదారుల ఎంపికలో వారి దరఖాస్తులకు చోటు, ఖాళీ చేయడానికి తగిన గడువు, అడ్వాన్సు తిరిగి ఇప్పించడం, పనిచోట్లకు దగ్గరగా ప్రభుత్వ కిరాయి ఇళ్లు. ఈ చివరిది ఊహ కాదు. కొవిడ్ కాలంలో వలస కార్మికులు ఊళ్లకు నడిచి వెళ్లిన తరువాత, 2020లో కేంద్రం అందుబాటు కిరాయి గృహాల పథకాన్ని తెచ్చింది. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో కిరాయి ఇళ్లు ఒక విభాగంగా ఉన్నాయి. మన రాష్ట్రంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ఇచ్చే 5 లక్షల సాయం సొంత స్థలం ఉన్నవారికి పనికొస్తుంది కానీ మీకు రాదు. అందుకే కిరాయి ఇళ్ల కోరికను నగర స్థాయిలో ఎవరైనా గట్టిగా వినిపించవలసి ఉంది, అది లేబర్ అడ్డాల మీద ఉండేవారు వినిపిస్తేనే బలంగా ఉంటుంది.

మీవరకు మీరు నివాస రుజువులు ఇప్పటి నుంచే భద్రం చేసుకోండి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు, గ్యాస్ పుస్తకం, పిల్లల బడి రికార్డు, అంగన్‌వాడీ రిజిస్టరులో పేరు, ఫోన్‌లో కిరాయి పంపిన రుజువులు, ఇవన్నీ కలిస్తేనే ఫలానా ఏడు నుంచి ఇక్కడ ఉన్నారని తేలుతుంది.

ప్రశ్న: ఇళ్లు కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పిందని విన్నాం. అది నాలాల పక్కన ఉన్న బస్తీలకు వర్తిస్తుందా?
(ఒక న్యాయశాస్త్ర విద్యార్థి, వరంగల్)

జవాబు: 2024 నవంబరు 13 నాటి ఆ తీర్పులోనే ఒక మినహాయింపు ఉంది. రోడ్డు, ఫుట్‌పాత్ వంటి బహిరంగ స్థలాల్లోనూ, రైలు మార్గానికి ఆనుకునీ, నది లేదా జలాశయాల్లోనూ ఉన్న అనధికార కట్టడాలకు ఆ మార్గదర్శకాలు వర్తించవు. బస్తీ సమావేశాల్లో ఈ వాక్యాన్ని చదవకుండా తీర్పును మాత్రమే చెప్పడం ప్రజలను తప్పుదారి పట్టించడమే. అయినా మినహాయింపు అంటే నోటీసే అక్కరలేదని అర్థం కాదు. ప్రభుత్వ భూమి నుంచి తొలగించాలంటే 1905 భూ ఆక్రమణల చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం ముందుగా సంజాయిషీ నోటీసు ఇవ్వాలి. పేవ్‌మెంటు మీద ఉన్నవారి వాదన కూడా మామూలుగా వినాలనే ఓల్గా టెల్లిస్ కేసులో 1985 తీర్పు చెప్పింది. ఢిల్లీలోని షకూర్ బస్తీ కూల్చివేతపై వచ్చిన అజయ్ మాకెన్ కేసులో 2019లో ఢిల్లీ హైకోర్టు మరో అడుగు ముందుకు వేసి, ఖాళీ చేయించే ముందు సర్వే చేయాలని, నివాసులతో అర్థవంతంగా సంప్రదించాలని చెప్పింది. అది తెలంగాణ హైకోర్టును కట్టడి చేయదు కానీ, వాదనలో ముందుంచదగినదే.

ప్రశ్న: మేం గంజాం జిల్లాలో ఉంటున్న తెలుగు మత్స్యకారులం. మా వైపు మురికివాడల వారికి ఉన్నచోటనే భూమి హక్కు పత్రాలు ఇచ్చారు. తెలుగు రాష్ట్రాల నగరాల్లో ఇది ఎందుకు జరగదు?
(ఒక పాఠకుడు, గోపాలపూర్, ఒడిశా)

జవాబు: మీరు చెబుతున్నది 2017లో ఒడిశా చేసిన చట్టం, దాని అమలుకు వచ్చిన జగా మిషన్. డ్రోన్లతో కొలిచి, బస్తీ సంఘాలు ఇంటింటి సర్వేలో పాల్గొని, భార్యాభర్తల పేర్ల మీద వారసత్వంగా సంక్రమించే హక్కు పత్రాలు ఇవ్వడం దాని విశేషం. ఆ హక్కును బ్యాంకులో తనఖా పెట్టుకోవచ్చు కానీ అమ్మకూడదు. మొదట ఆ చట్టం చిన్న పట్టణాలకే పరిమితమైందని, కార్పొరేషన్లకు తరువాత విస్తరించిందని గమనించండి. మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. గజం ధర పెరిగే కొద్దీ ఉన్నచోట హక్కు ఇవ్వడానికి ప్రభుత్వాల చేయి ముందుకు రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి 30 లక్షలకు పైగా ఇళ్ల పట్టాలను మహిళల పేర్ల మీద పంపిణీ చేశారు, పట్టణాల్లో ఒక సెంటు చొప్పున. సంఖ్య పెద్దదే, కానీ ఎన్నోచోట్ల ఆ లేఅవుట్లు ఊరి అంచున పడ్డాయి. పట్టణ పేదల కోసం ప్రభుత్వం చేపట్టిన టిడ్కో ఇళ్లను 300, 365, 430 చదరపు అడుగుల్లో కట్టారు కానీ, అవీ చాలా పట్టణాల్లో శివార్లలోనే ఉన్నాయి. విజయవాడ కొండల మీద, విశాఖ తీరంలో ఉన్నచోటనే హక్కు కావాలని అడిగే సంఘాలు మీ అనుభవాన్ని చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది. మీ సంఘం ఇక్కడి మత్స్యకార సంఘాలతో మాట్లాడితే మేం చెప్పేదానికన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

ప్రశ్న: మాకు నగర శివార్లలో డబుల్ బెడ్రూం ఇల్లు వచ్చింది. లిఫ్టు పాడైతే బాగు చేసేవారు లేరు, బస్సులు తక్కువ. పక్కవాళ్లంతా కొత్తవారు. ఇక్కడ మళ్లీ సంఘం కట్టడం సాధ్యమేనా?
(ఒక గృహిణి, సంగారెడ్డి జిల్లా)

జవాబు: సాధ్యమే కానీ బస్తీలో ఉన్నంత తేలిక కాదు, ఎందుకంటే చాలాచోట్ల లాటరీ పద్ధతి పాత ఇరుగుపొరుగును చెదరగొట్టింది. 2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరు సముదాయంలో 15,660 ఇళ్లున్నాయి. అది ఒక చిన్న పట్టణమంత. అంత పెద్ద సముదాయానికి ఒకే సంఘం పెడితే అది కాగితం మీదే ఉంటుంది. బ్లాకుకు ఒక సంఘం పెట్టండి, లిఫ్టు ఖర్చు, మెట్ల శుభ్రత ఆ స్థాయిలోనే తేల్చుకోండి, ఖర్చుల లెక్క గోడ మీద అంటించండి. బస్సులు, బడి, ఆస్పత్రి వంటి కోరికలకు మాత్రం బ్లాకుల ప్రతినిధులంతా కలిసి వెళ్లండి. కింది అంతస్తుల్లో దుకాణాలు ఉంటే వాటి కిరాయి నిర్వహణకే వాడాలని లిఖితపూర్వకంగా అడగండి. మరో పని ఆలస్యం చేయకండి. ఓటును కొత్త చిరునామాకు మార్చుకోవడానికి ఫారం 8 నింపాలి. చాలా కుటుంబాలు పాత బంధాల వల్లనో, అక్కడి రేషన్ దుకాణం అలవాటు వల్లనో ఓటును పాత చిరునామాలోనే ఉంచుకుంటున్నాయి. అలా ఉన్నంతకాలం మీ కొత్త కాలనీ బస్సు కోసం ఇచ్చే వినతిపత్రాన్ని స్థానిక ప్రజాప్రతినిధి మర్యాదగా అందుకుని పక్కన పెడతారు.