అటక మీది సింగర్ సంగతి: మీ ప్రశ్నలు, నా జవాబులు

మా ఇంట్లో పద్నాలుగు పాత కుట్టుమిషన్లు ఉన్నాయని పోయినసారి మాటవరసకి రాశాను. దాంతో ఈసారి ఉత్తరాలన్నీ వాటి మీదే వచ్చాయి, అన్నిటికీ చోటు లేదు కాబట్టి నాలుగు తీసుకున్నా.

ప్రశ్న: మా అమ్మగారి సింగర్ చేతిమిషను పాతికేళ్లుగా అటక మీదే ఉంది, మొన్న దించాం. చక్రం కాస్త కూడా కదలట్లేదు. మెకానిక్‌ని పిలిస్తే పాతసామాన్లకి వేసెయ్యండి, లేదంటే మంచి రంగు కొట్టించి హాల్లో పెట్టుకోండి అన్నాడు. ఏం చెయ్యమంటారు?
– పాఠకురాలు, రాజమండ్రి

రెండూ వద్దండీ, దయచేసి వద్దు. చక్రం తిరగట్లేదంటే మిషను చచ్చిపోయిందని కాదు, లోపల నూనె గట్టిపడి బంకలాగా పట్టేసిందని, నా చేతికి వచ్చినవాటిలో పదింట తొమ్మిది అలాంటివే. మన ఇళ్లలో మిషన్ నూనె అయిపోతే కొబ్బరినూనె వేసేవాళ్లు కదా, అదే ఏళ్లు గడిచేసరికి వార్నిష్‌లాగా తయారవుతుంది. కాబట్టి బలవంతంగా తిప్పకండి, సుత్తి అసలే ముట్టుకోకండి. ముందు పైన, కింద, పక్కన ఎక్కడెక్కడ చిన్న నూనె బెజ్జాలున్నాయో, ఇనుముకి ఇనుము ఎక్కడ రాసుకుంటుందో చూసుకుని అన్నిచోట్లా తెల్లటి మిషన్ నూనె రెండేసి చుక్కలు వెయ్యండి. తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో కాసేపు వేడిగాలి పట్టించి, చక్రాన్ని ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఊపి వదిలెయ్యండి, మర్నాడు మళ్లీ అంతే. కిరసనాయిల్ దొరికితే ఇంకా తొందరగా కరుగుతుంది, ఇప్పుడది ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. నా దగ్గరున్న ఒక మిషను కదలడానికి పదకొండు రోజులు పట్టింది, కదిలిన రోజు ఇంట్లో అందర్నీ పిలిచి చూపించాను.

షటిల్, అంటే సూది కింద దారం కండె కూర్చునే భాగం, దాని వెనకాల పాత దారం ముక్కలు ఇరుక్కున్నాయేమో కూడా చూడండి, ఒక్కోసారి అసలు రోగం అదే. చక్రం తిరుగుతూ సూది మాత్రం లేవకపోతే చక్రం మధ్యలో ఉండే మర విప్పండి, లోపల చెవులున్న వాషర్ ఒకటి ఉంటుంది, అది ఎవరో తిరగేసి బిగించి ఉంటారు, సరిగ్గా తిప్పి పెడితే చాలు.

ఇక శుభ్రం చెయ్యడం. ఇది కొంచెం గట్టిగానే చెప్తాను. స్పిరిట్, థిన్నర్, శానిటైజర్ ఇవేవీ ఆ నల్లటి ఒంటి మీద పడకూడదు. నలుపు మీద బంగారు పూలూ తీగలూ ఉంటాయే, వాటిని కాపాడేది పైన పూసిన లక్క వార్నిష్, అది స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది. మొదట్లో నాకు ఇది తెలీక ఒక మిషను మొత్తం స్పిరిట్‌తో తుడిచాను, ఈజిప్టు సింహం బొమ్మలున్న మిషను అది, రెండు నిమిషాల్లో బొమ్మలు గుడ్డకి అంటుకొచ్చేశాయి, ఇప్పటికీ ఆ మిషను చూస్తే మనసు చివుక్కుమంటుంది. మెత్తటి కాటన్ గుడ్డ మీద మిషన్ నూనె వేసుకుని ఓపిగ్గా తుడవండి, మురికి అదే వస్తుంది. రంగు కొట్టించడం అంటారా, అమ్మగారి చేయి ఆని ఆని అరిగిపోయిన చోటు ఉంటుంది చూడండి, రంగు కొడితే అది కూడా కిందకి పోతుంది.

పీఠం మీద కుడివైపు ముందు భాగంలో నంబరు కొట్టి ఉంటుంది, అదీ చూడండి. అక్షరం లేకుండా వట్టి అంకెలే ఉంటే 1900 కంటే ముందుది. ఇ.ఎఫ్., ఇ.జి. అని మొదలైతే స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో 1940ల ఆఖర్లోనో 1950 చుట్టుపక్కలో తయారైనది. మోడల్ పేరులో 15కె, 66కె, 201కె అని చివర ఉండే ‘కె’ కూడా ఆ ఫ్యాక్టరీ గుర్తే, అది ఉన్న చోటు పేరు కిల్బోవీ. సూది గురించి భయపడకండి, ఈ మోడళ్లన్నిటికీ ఇప్పుడు కొట్లో దొరికే మామూలు ఇంటి మిషను సూదే సరిపోతుంది. పడవలాంటి షటిల్, సన్నటి పొడుగు బాబిన్ (కింది దారం చుట్టే కండె) ఉన్న మిషనైతే మాత్రం ఆ షటిల్‌ని బంగారంలాగా దాచుకోండి, పోతే వెతుక్కోవడం కష్టం.

ప్రశ్న: మా దగ్గర తాతల కాలం సింగర్ ఉంది. ఒకాయన ఫోన్ చేసి అందులో రెడ్ మెర్క్యురీ (ఎర్ర పాదరసం) ఉంటుంది, అయిదు లక్షలిస్తాం, ముందు టెస్టింగ్‌కి ఇరవై వేలు కట్టండి అంటున్నాడు. నిజమేనా?
– పాఠకుడు, నల్గొండ

పైసా కట్టొద్దు. ఇదే పుకారు 2009లో సౌదీ అరేబియాలో లేచింది, సింగర్ మిషను సూదిలో రెడ్ మెర్క్యురీ ఉంటుందనీ, దాంతో నిధులు కనిపెట్టొచ్చనీ, మిషను దగ్గర సెల్‌ఫోన్ పెడితే కాల్ కట్ అయిపోతే ఉన్నట్టేననీ చెప్పుకుని జనం సంతల్లో ఎగబడ్డారు. ఒక్కో మిషనుకి రెండు లక్షల రియాళ్ల దాకా అడిగారని అప్పట్లో పేపర్లలో వచ్చింది, అదంతా ఉత్తదేనని చివరికి అక్కడి పోలీసులే చెప్పాల్సి వచ్చింది. మిషను లోపల ఉండేది పోత ఇనుము, ఉక్కు, అంతే. మన దగ్గర బియ్యం గింజల్ని లాగే చెంబు అని రైస్ పుల్లింగ్ మోసం చేశారే, ఇదీ అదే దారి, ముందు టెస్టింగ్ డబ్బులు, తర్వాత ఫోన్ స్విచ్ ఆఫ్.

ఇంకో మాట. పాతది కాబట్టి అరుదైనది అనుకుంటారు చాలామంది. ఆ క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీ నుంచి 1913 ఒక్క ఏడాదిలోనే దాదాపు 13 లక్షల మిషన్లు బయటికొచ్చాయి. అందుకే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ జుమ్మెరాత్ బజార్‌లోనూ తిరిగితే నల్ల మిషను ఏదో ఒకటి కనపడుతూనే ఉంటుంది, కొనేముందు షటిల్, బాబిన్, కింద ప్లేటు ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు. లక్షల కోసమైతే ఈ సరదా పెట్టుకోవద్దు.

ప్రశ్న: అక్కా, నేను ఎడిసన్‌లో ఉంటాను. థ్రిఫ్ట్ స్టోర్లలో కొని కొని గరాజ్‌లో తొమ్మిదయ్యాయి, మావారు ఇంక చాలు అంటున్నారు. ఇప్పుడో ఫెదర్‌వెయిట్, అదే సింగర్ వాళ్ల తేలికపాటి మిషను, కనపడింది. కొననా?
– పాఠకురాలు, న్యూజెర్సీ

కొనమ్మా! నువ్వుండే చోటికి దగ్గర్లోనే ఎలిజబెత్ ఊరు లేదూ, సింగర్ వాళ్ల పెద్ద ఫ్యాక్టరీ 1873 నుంచీ అక్కడే ఉండేది. ఈ 221 ఫెదర్‌వెయిట్ 1933లో వచ్చింది, నంబరు ఎ.డి., ఎ.ఇ., ఎ.ఎఫ్. అని ఉంటే అది అక్కడ పుట్టిందే. ఒళ్లు అల్యూమినియం, మొత్తం బరువు అయిదు కిలోలే, నా ఇనుప మిషన్లు ఒక్కోటి ఎత్తడానికి ఇద్దరు కావాలి. జిగ్‌జాగ్ రాదు, తిన్నటి కుట్టే, కానీ ఆ కుట్టు చూశాక ఇంకోటి నచ్చదు. కొనేముందు వైరు పైతోలు పగిలిందేమో చూడు, పగిలితే మార్పించాకే ప్లగ్ పెట్టు. ఎప్పుడైనా ఇండియాకి తెచ్చుకుంటే అది 110 వోల్టులది, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230లో పెట్టావంటే మోటార్ కాలిపోతుంది.

మీవారి మాట కూడా కాదనను. ఆ తొమ్మిదిలో ఈ ఏడాది ఒక్కసారి కూడా కుట్టనివి ఏవో చూడు, వాటిని బాగుచేసి కుట్టు నేర్చుకునేవాళ్లకి ఇచ్చెయ్. నేను అలా ఆరు ఇచ్చాను, అవి ఇప్పుడు రోజూ జాకెట్లు కుడుతున్నాయి, నా దగ్గరుంటే దుమ్ము పట్టేవి.

ప్రశ్న: మా అమ్మకి పెళ్లి సారెలో ఇచ్చిన పాత ఉషా కాలిమిషను ఉంది. సింగర్ కాదు కదా, దాచుకునేంత విలువుందా?
– పాఠకురాలు, అనకాపల్లి

ఎందుకు లేదండీ! 1930ల్లో కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వాళ్లు మొదలుపెట్టిన మన దేశపు మిషనది. ఉషా అనేది దాన్ని మొదట తయారుచేసినాయన కూతురి పేరని చెప్తారు. మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు ఆ మిషను మీద బతికాయో, ఎంతమంది ఆడపిల్లల ఫీజులు దాని మీద కట్టారో మీకూ తెలుసు నాకూ తెలుసు. నా పద్నాలుగులో మూడు ఉషాలే, పండక్కి లంగాలు కుట్టేది వాటి మీదే. తోలు బెల్టు సాగిపోయి ఉంటుంది, కొత్తది తెచ్చి కొలత చూసి కోసి క్లిప్పు వెయ్యండి, కింద పెడల్ ఇరుసుల్లో నూనె పొయ్యండి, కొత్త సూది ఎక్కించి ముందు ఏదైనా పాత చీర ముక్క మీద కుట్టి చూడండి. కుట్టు వదులుగా వస్తుంటే మళ్లీ రాయండి, దారం బిగువు సరిచేసే టెన్షన్ మర సంగతి వచ్చేసారి చెప్తాను.