బోటెంగ్‌లందరూ చుట్టాలేనా?

బెర్లిన్‌లో మీ కొలీగ్ ఇంటిపేరు బోటెంగ్ కాబట్టి ఫుట్‌బాల్ అన్నదమ్ములు జెరోమ్, కెవిన్-ప్రిన్స్ బోటెంగ్‌ల చుట్టమేమో అన్నారు కదండీ. పేరును బట్టి చెప్పలేం. ఘనాలోని అకాన్ అనే జాతివాళ్లలో అది మన దగ్గర రావు అన్నంత మామూలు. పైగా వాళ్ల వంశం తల్లి వైపు నుంచి లెక్క. పాత పద్ధతిలో పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరు (శుక్రవారం పుట్టిన అబ్బాయి కోఫీ), తండ్రి ఎంచి పెట్టేది ఇంకొకటి. అందుకే సొంత అన్నదమ్ములకే వేరే పేర్లుండేవి! స్కూలు రిజిస్టర్లు, పాస్‌పోర్టులు వచ్చాక ఆ రెండోది ఇంటిపేరైంది, వలసలతో యూరప్ చేరింది. 2002లో బ్రిటన్ తొలి నల్లజాతి కేబినెట్ మంత్రి కూడా ఓ బోటెంగే, పాల్. జెరోమ్, కెవిన్-ప్రిన్స్ మాత్రం ఒకే తండ్రి పిల్లలు. 2010 ప్రపంచకప్‌లో ఒకరు జర్మనీకి, ఒకరు ఘనాకు ఎదురెదురుగా ఆడారు. మీ కొలీగ్‌ని వాళ్ల నాన్నది ఏ ఊరో అడగండి, అసలు దారి అదే.