పదిహేను అని రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు ఈసారి నీ ఎచింగులను, అదే యాసిడ్‌తో లోహపు ప్లేటు మీద గీతలు కొరికించి తీసే ప్రింట్లను, లలిత కళా అకాడమీ జాతీయ ప్రదర్శనకూ, స్పెయిన్‌లో జరిగే కడకేస్ మినీ ప్రింట్ పోటీకీ పంపబోతున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోను చేసి చెప్పింది. బహుమతి వస్తే ఆ డబ్బుతో సొంతంగా ప్రెస్సు కొనుక్కుంటానన్నావట. ఆ మాట విని మీ అత్తయ్యకు రెండుసార్లు చెప్పి సంతోషించాను, ఆ తరువాత తెల్లవారుజాము దాకా నిద్ర పట్టక దొర్లాను. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

మా చదువుల కాలంలో ప్రింట్ అంటే పెయింటింగ్ వాళ్ళకు చిన్నచూపు ఉండేది. ఒకే బొమ్మను పది తీస్తారు కనుక ఇది కాపీల వ్యాపారమని ఎగతాళి చేసేవారు. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి గారు పారిస్‌లో హేటర్ గారి ప్రింట్ స్టూడియో అటెలియే 17లో సహచరులతో కలిసి, ఒకే ప్లేటు మీద అనేక రంగులు ఎక్కించి ఒక్కసారి ప్రెస్సులో నడిపే విస్కాసిటీ పద్ధతిని తీర్చిదిద్దారని చెబితే, 'అలాగా' అని ఊరుకునేవారు. లక్ష్మాగౌడ్ గారి ఎచింగుల్లో నిజాంపూర్ మేకలనూ చెట్లనూ మనుషులనూ చూశాక గాని మన వైపు చాలామందికి ఈ పని విలువ తెలిసిరాలేదు. భోపాల్‌లోని భారత్ భవన్ 1989లో ప్రింట్లకు మాత్రమే అంతర్జాతీయ బియనాలే, అంటే రెండేళ్ళకోసారి జరిపే ప్రదర్శన, మొదలుపెట్టినప్పుడు మాకు పండుగయింది. అకాడమీ కూడా 2018లో ప్రింట్ బియనాలే నిర్వహించింది. కాబట్టి నీకు దారి ఉంది, అందులో నడవడం తప్పు కాదు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. నిబంధనల కాగితం రెండుసార్లు చదువు, ఏ సంవత్సరం తరువాత చేసిన పని పంపవచ్చో, కొలతలు ఎంతో అందులోనే ఉంటాయి. కడకేస్ పోటీ 1981 నుంచి జరుగుతోంది, అక్కడ బొమ్మ పది సెంటీమీటర్లకు పది మించకూడదు. పెద్ద బొమ్మను కుదించి పంపకు, అరచేతి కోసమే పుట్టిన బొమ్మ వేరుగా ఉంటుంది. ఫోటో మాత్రం మళ్ళీ తీయి. నువ్వు మొన్న నాకు పంపిన ఫోటోలో నీ రేవు మెట్ల బొమ్మ నలుపు మీద మీ కిటికీ కనిపిస్తోంది, ఫోను పట్టుకున్న నీ చెయ్యి కూడా కనిపిస్తోంది. అద్దం తీసేసి, పక్క నుంచి పగటి వెలుతురు పడేలా పెట్టి తీస్తే ప్లేటు కాగితంలోకి నొక్కుకున్న లోతు తెలుస్తుంది. తొలి వడపోతలో న్యాయనిర్ణేతలు చూసేది ఆ ఫోటోనే.

ఇక అసలు సంగతి. నాకు ముప్పై ఏళ్ళప్పుడు విశాఖలో సముద్రానికి దగ్గరగా ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. ప్రెస్సు నాది కాదు, ఒక మిత్రుడిది, వారానికి ఒక పూట వాడుకోనిచ్చేవాడు. జింక్ ప్లేటు మీద బావి గట్టు, దాని వెనక వేపచెట్టు, సన్నటి రవ్వతో ఛాయలు తెచ్చే ఆక్వాటింట్ పద్ధతిలో సాయంత్రపు ఆకాశం వేశాను. మంచి కాగితాలు ఐదే ఉన్నాయి కనుక ఐదే తీశాను. అయితే ఎడిషన్, అంటే ఒక ప్లేటు నుంచి తీసే మొత్తం ప్రతులు, ఐదే అంటే ఎవరు లెక్కచేస్తారనిపించి, పెన్సిలుతో ఎడమ వైపు పదిహేనులో ఒకటి, రెండు అన్నట్టుగా 1/15 నుంచి 5/15 దాకా రాసి, కుడి వైపు సంతకాలు చేసేశాను. మిగిలిన పదీ ఎవరైనా అడిగినప్పుడు తీయవచ్చులే అనుకున్నాను. ప్లేటును సరిగా తుడవకుండా, వార్నిష్ పూత వేయకుండా, దినపత్రికలో చుట్టి మంచం కింద పెట్టాను.

2/15కు ఒక ప్రదర్శనలో బహుమతి వచ్చింది, దాన్ని నిర్వాహకులే కొనుక్కున్నారు. మిగిలిన నాలుగూ స్నేహితుల దగ్గరికీ చిన్న చిన్న కొనుగోలుదారుల దగ్గరికీ వెళ్ళిపోయాయి. వానాకాలం వెళ్ళాక మరో ఊరి ప్రదర్శన వారు అదే ప్రింటు కావాలని రాశారు, ఇంకొకరు బయానా కూడా పంపారు. నేను గర్వంగా మంచం కిందికి వంగి ప్లేటు బయటికి తీశాను. పత్రిక దానికి అతుక్కుపోయి ఉంది. తడిపి ఒలిస్తే, ప్లేటు మీద పత్రిక అక్షరాలు తిరగబడి కనిపించాయి, వాటి చుట్టూ సున్నం చల్లినట్టు తెల్లటి పొడి పేరుకుంది. ఆ పొడి కింద, నా ఆకాశం నిండా సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు. ఆ గుంటల్లో సిరా నిలిచి, పరీక్షకు ఒక ప్రతి, ప్రూఫ్, తీస్తే ఆకాశమంతా అమ్మవారు పోసినట్టయింది.

అప్పుడైనా నిజం చెప్పి ఉంటే నష్టం కొంచెమే. నేను మాత్రం రెండు రాత్రులు స్క్రేపర్‌తో గీకి, బర్నిషర్‌తో రుద్ది గుంటలు పూడ్చాను. గుంటలతో పాటు ఆక్వాటింట్ రవ్వ కూడా పోయింది, సాయంత్రపు ఆకాశం కాస్తా మిట్టమధ్యాహ్నమయింది. దాని మీద 6/15 అని రాసి పంపాను. ప్రారంభోత్సవం నాడు, మొదటి ప్రదర్శనలో నాకు బహుమతి ఇచ్చిన పెద్దాయన ఒకరు ఆ ప్రింటు ముందు చాలాసేపు నిలబడ్డారు. తరువాత నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి, "ఈ చెట్టు వెనకాల పొద్దు గుంకడం చూసినట్టు గుర్తు బాబూ" అన్నారు. అంతే అన్నారు. కోప్పడి ఉంటే నాకు ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

మర్నాడే నిర్వాహకులకు చెప్పి ఆ ప్రింటును గోడ మీద నుంచి దింపించుకున్నాను. కొన్నవారందరికీ ఈ ఎడిషన్ ఐదు ప్రతులతోనే ముగిసిందని ఉత్తరాలు రాశాను. బయానా సొమ్ము అప్పటికే ఇంటి అద్దెకు ఖర్చయిపోయింది కనుక మూడు వాయిదాల్లో తిరిగి ఇచ్చాను. ఆ 6/15 ఇప్పటికీ నా బీరువాలో ఉంది, వెనకాల పెన్సిలుతో జరిగిందంతా రాసిపెట్టాను.

అందుకే మీ అమ్మ "మూడు తీసిందట అన్నయ్యా, పదిహేనుకు నంబర్లు కూడా వేసేసిందట" అనగానే నా గుండె జారింది. పదిహేను అన్న అంకె వేశావంటే ఆ పదిహేనూ తీసి, ఆరబెట్టి, నచ్చిన మొదటి ప్రూఫ్ పక్కన ఒక్కొక్కటీ పెట్టి చూసుకుని, తేడా ఉన్నవి చింపేశాకే సంతకం చేయాలి. కాగితాలకు డబ్బు లేకపోతే ఎడిషన్ ఎనిమిదే పెట్టుకో, ఎవరూ తక్కువగా చూడరు. ఆ మూడూ ఇంకా నీ దగ్గరే ఉన్నాయి కనుక రబ్బరుతో అంకెలు తుడిచెయ్యి. ఎడిషన్ పూర్తయ్యాక ఇక ప్రతులు తీయడానికి వీల్లేకుండా ప్లేటు మీద అడ్డంగా ఒక గీత గీసి రద్దు చెయ్యి. చెయ్యి ఆడదు, తెలుసు, అయినా గీయాలి.

విస్కాసిటీలో రంగుల ప్రింటు కూడా పంపాలని ఉందట. ఈసారికి వద్దు. పలచటి సిరాను గట్టి రోలర్‌తో ప్లేటు పైతలం మీద, చిక్కటి సిరాను మెత్తటి రోలర్‌తో లోపలి పల్లాల్లోకి ఎక్కించేటప్పుడు, నూనె పాళ్ళు ఏ కొంచెం మారినా రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రాజమండ్రి ఎండలో చిక్కటి సిరా కూడా గంటలో జావ అవుతుంది. ఒకటి అద్భుతంగా వస్తుంది, రెండోది దానికి చుట్టంలా కూడా ఉండదు. పోటీ గడువు మెడ మీద ఉన్నప్పుడు ఆ ఒక్కదాన్ని చూసి మురిసి ఎడిషన్ అంకె వేయబుద్ధవుతుంది, నాకు తెలుసు.

నైట్రిక్ యాసిడ్ దగ్గర కిటికీలు రెండూ తెరిచే ఉంచు. తలుపు వేసుకుని పనిచేసిన నా దగ్గు ఎలాంటిదో మీ అత్తయ్యను అడుగు. పెద్ద ప్రింట్లను చుట్టి గొట్టంలో పెట్టకుండా, టిష్యూ కాగితం కప్పి రెండు హార్డ్‌బోర్డుల మధ్య పరిచి, పైన పాలిథిన్ వేసి పంపు. ప్లేటుకు మాత్రం ఈ రోజే, ఉత్తరం మడిచి పక్కన పెట్టక ముందే, కిరసనాయిలుతో తుడిచి వార్నిష్ పూత వెయ్యి. గోదావరి పక్కన ఇల్లు, పైగా వానలు.

ఎంపిక కాకపోతే ఏం చేయాలని మీ అమ్మ భయపడుతోంది. నాకు ఆ భయం లేదు. నన్ను ఆరుసార్లు వెనక్కి పంపారు. రేవు మెట్ల మీద వరద గీతలను నువ్వు మూడు ఛాయల్లో తేల్చిన తీరు చూశాక, నీ వయసులో నాకు ఆ చెయ్యి లేదని మీ అత్తయ్యతో అన్నాను. నీతో అనకూడదనుకున్నాను, రాసేశాను.

శనివారం రాత్రి బండికి బయలుదేరి రా. ప్లేటు, మొదటి ప్రూఫ్ తెచ్చుకుంటే చాలు. నా ప్రెస్సు ఫెల్టులు ఉతికించాను, హానెమ్యూలే కంపెనీ ప్రింట్ కాగితాలు పద్దెనిమిది ఉన్నాయి, నువ్వు దిగేసరికి తడిపి ప్లాస్టిక్ షీటులో చుట్టి ఉంచుతాను. చక్రం నేను తిప్పుతాను, సిరా తుడవడం నీదే.

ఆశీస్సులతో,
మామయ్య