గుడ్ల సంగతి తర్వాత, ముందు అమ్మగారి దగ్గు చూపించండి

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. పెరట్లో ఒక మగ, మూడు ఆడ సీమబాతుల్ని పెంచుతున్నాం. ఈమధ్యే ఏడు పిల్లలు వచ్చాయి. చలికి తట్టుకోలేవని అట్టపెట్టెలో వేసి, బల్బు పెట్టి అమ్మ పడుకునే గదిలోనే ఉంచాం. అమ్మకు 58 ఏళ్లు, బీపీ ఉంది. బాతుల కొట్టం ఊడ్చేది ఆమే. రెండు నెలలుగా పొడి దగ్గు. మెడికల్ షాపులో అడిగి అజిత్రోమైసిన్ రెండు కోర్సులు వాడాం. విశాఖలో చెల్లి ఇంటికి వెళ్తే పది రోజులూ దగ్గు లేదు. రాగానే మళ్లీ మొదలైంది. బాతుగుడ్లు వేడి చేసి దగ్గొస్తోందా? మిగతా గుడ్లు పొదగడానికి ఎన్ని రోజులు పడుతుంది?

సలహా: సీమబాతు గుడ్లు పొదగడానికి దాదాపు 35 రోజులు పడుతుంది. మిగతా వివరాలు మీ పశువైద్యుణ్ని అడగండి. గుడ్డు తినడం వల్ల ఇలాంటి దగ్గు సాధారణంగా రాదు. పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి పెట్టండి, చాలు.

చెల్లెలి ఇంట్లో పది రోజులు దగ్గు లేదన్నారు చూడండి, నాకు ముఖ్యమనిపించింది అదే. పక్షుల రెట్ట, ఈకల దూగర ఎండి పొడిగా గాల్లో లేస్తాయి. కొందరి ఊపిరితిత్తులకు అది పడదు. ఊడ్చిన కొన్ని గంటలకు దగ్గు, ఆయాసం, ఒళ్లు వెచ్చబడటం కనిపిస్తాయి. పక్షులకు దూరంగా ఉంటే తగ్గుతాయి. దీన్ని హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటాం. మీ అమ్మగారికి ఇదేనని చూడకుండా చెప్పలేను, కానీ అనుమానించాల్సిన జబ్బే. ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, ఆ నష్టాన్ని వెనక్కి తేలేం.

మీరు వాడిన అజిత్రోమైసిన్ దీనికి పనిచేయదు. షాపులో ఇచ్చారని యాంటీబయాటిక్ రెండుసార్లు వాడటం తప్పండీ, రెండు నెలలు ఆ భరోసాతోనే గడిచిపోయాయి. ఇకపై ఎవరైనా 'త్వరగా తగ్గుతుంది' అని డెక్సా లాంటి స్టెరాయిడ్ మాత్రలో ఇంజెక్షనో ఇస్తామంటే ఒప్పుకోకండి. స్టెరాయిడ్‌తో దగ్గు తగ్గినట్టే ఉంటుంది, అసలు జబ్బు మరుగున పడిపోతుంది. ఒకవేళ అది టీబీ అయితే ముదిరిపోతుంది. రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా టీబీ పరీక్ష చేయించాల్సిందే. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

బీపీకి ఏ మాత్ర వాడుతున్నారో రాయలేదు. రామిప్రిల్, ఎనలాప్రిల్ రకాలతోనూ పొడి దగ్గు వస్తుంది. అలాగని మీరే ఆపేయకండి, డాక్టరుకు చూపించి మార్పించుకోవాలి.

ఈ వారంలోనే ఛాతీ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఎక్స్‌రే మామూలుగా ఉన్నా అంతటితో వదలకండి, సీటీ, ఊపిరి పరీక్షలు అవసరమా అని అడగండి. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా ఆ వారం కూడా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఈలోగా పిల్లల పెట్టెను ఈ రాత్రికే ఆ గదిలోంచి తీసేయండి. కొట్టం పని ఇంకెవరైనా చూసుకోవాలి. వాళ్లు కూడా పొడిగా ఊడ్వకుండా నీళ్లు చల్లి, ఎన్95 మాస్క్ పెట్టుకుని శుభ్రం చేయాలి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే సరిపోదు. బాతుపిల్లల్ని పట్టుకున్నాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ముఖ్యంగా చిన్నపిల్లలు. వాటి రెట్టలో విరేచనాలు, జ్వరం తెప్పించే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు.

ఇంకొకటి. 2025లో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది, ఆ ఏడాదే పల్నాడు జిల్లాలో ఓ చిన్నారి దానితో చనిపోయింది. బాతులు పైకి జబ్బు కనబడకుండానే ఆ వైరస్‌ను మోయగలవు. ఉన్నట్టుండి చనిపోతే ముట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పండి. ఆ తర్వాత ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఆలస్యం చేయకండి.

బాతులంటే అమ్మగారికి ప్రాణమై ఉంటుంది, తెలుసు. పరీక్షల్లో నా అనుమానం నిజమైతే వాటిని వేరేచోటికి పంపక తప్పకపోవచ్చు. ఆ భయంతో డాక్టరు దగ్గర బాతుల మాట దాచొద్దు. రోగి చెప్పకపోతే ఇంట్లో పక్షులున్నాయా అని అడగడం మాలో చాలామందికి గుర్తుండదు. వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు, బీపీ చీటీ కూడా వెంట తీసుకెళ్లండి.