పదిహేనేళ్ల కుర్రాళ్ళు, తొమ్మిది రోజుల ఆల్బమ్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో ఆస్ట్రేలియా బ్యాండ్ సిల్వర్‌చెయిర్ మొదటి ఆల్బమ్ 'ఫ్రాగ్‌స్టాంప్' గురించి ఊరికే నాలుగు లైన్లు రాశాను, దానికి ఇన్ని ప్రశ్నలొస్తాయని అనుకోలేదు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు తిట్టారు, ఒకాయనైతే రెండూ ఒకే ఉత్తరంలో చేశారు. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే.

ప్రశ్న: సార్, నాకు నిర్వాణా, పెర్ల్ జామ్ లాంటి అమెరికా రాక్ బ్యాండ్లు తెలుసు, ఈ పేరు మాత్రం ఎప్పుడూ వినలేదు. ఎవరండీ వీళ్ళు?

జవాబు: సిడ్నీ నుంచి ఉత్తరంగా ఓ నూట అరవై కిలోమీటర్లు పోతే సముద్రం ఒడ్డున న్యూకాజిల్ అనే ఊరొస్తుంది. బొగ్గు ఎగుమతి చేసే పెద్ద పోర్టు, ఆ రోజుల్లో స్టీలు ఫ్యాక్టరీ కూడా ఉండేది, ఇంకోపక్క బీచ్‌లో పొద్దస్తమానం సర్ఫింగ్ చేసే కుర్రకారు. అక్కడ మెరివెదర్ అనే పేటలో పెరిగిన ముగ్గురు స్నేహితులు వీళ్ళు. డేనియల్ జాన్స్ పాటా గిటారూ, బెన్ గిలీస్ డ్రమ్స్, క్రిస్ జోవాన్నూ బేస్. ముగ్గురూ 1979లోనే పుట్టారు. గిలీస్ వాళ్ళింటి గ్యారేజీలో ప్రాక్టీసు, మొదట్లో బ్యాండ్ పేరు ఇన్నోసెంట్ క్రిమినల్స్. 1994లో ట్రిపుల్ జె రేడియో, ఎస్‌బీఎస్ టీవీలో వచ్చే నోమాడ్ ప్రోగ్రామ్ కలిసి కొత్త బ్యాండ్లకి ఒక డెమో పోటీ పెట్టాయి, వీళ్ళు 'టుమారో' అనే పాట పంపారు, గెలిచేశారు. బహుమతి డబ్బు మూట కాదు, రేడియో వాళ్ళ స్టూడియోలో రికార్డింగ్, టీవీ వాళ్ళ చేత ఒక వీడియో. అదే సంవత్సరం సెప్టెంబరులో పాట బయటికొచ్చి ఆస్ట్రేలియాలో ఆరు వారాలు నంబర్ వన్‌గా కూర్చుంది. సోనీ వాళ్ళ చిన్న లేబుల్ మర్మర్ వీళ్ళని తీసుకుంది. 1995 మార్చి 27న ఆల్బమ్ వచ్చింది. ఆ రోజుకి ముగ్గురిలో ఎవ్వరికీ పదహారు నిండలేదు.

ప్రశ్న: తొమ్మిది రోజుల్లో రికార్డ్ చేశారని రాశారు. అచ్చుతప్పా? మావాడు ఒక్క పాట మిక్సింగ్‌కే రెండు నెలలు తీసుకుంటున్నాడు!

జవాబు: అచ్చుతప్పు కాదండీ, తొమ్మిదే. సిడ్నీలో ఫెస్టివల్ స్టూడియోస్‌లో, ప్రొడ్యూసర్ కెవిన్ షర్లీ (ఈయనే తర్వాత ఐరన్ మెయిడెన్, డ్రీమ్ థియేటర్ లాంటి పెద్ద బ్యాండ్లతో పనిచేశాడు). ఇందులో మాయేం లేదు. పాటలు ముందే స్టేజీల మీదా గ్యారేజీలోనూ వాయించి వాయించి చేతికి అలవాటైపోయి ఉన్నాయి, స్టూడియోకి వెళ్ళాక "ఇక్కడ ఏం చేద్దాం" అని తల గోక్కునే పని లేదు, ముగ్గురు కూర్చుని వాయించేస్తే పట్టుకోవడమే. ఇంకో సంగతి, ముగ్గురే ఉన్న బ్యాండ్ కదా, గిటారు, బేస్, డ్రమ్స్, పైన గొంతు, అంతే. పదిమంది వాయిద్యగాళ్ళని సర్దే బాధ లేదు. నా లెక్కలో ఈ ఆల్బమ్‌కి ప్రాణం పోసింది ఆ తొందరే. తొంభై రోజులు ఇచ్చుంటే ఎవరో ఒకరు ఈ గిటారు కొంచెం మెత్తగా చేద్దాం, ఇక్కడ కీబోర్డు పెడదాం అని మొదలెట్టేవాళ్ళు, అప్పుడు పదిహేనేళ్ళ పిల్లలు వాయించినట్టు కాక పదిహేనేళ్ళ పిల్లల చేత పెద్దవాళ్ళు వాయింపించినట్టు ఉండేది. మీవాడికి చెప్పండి, మిక్సింగ్ పక్కనపెట్టి ముందు పాటని ఫ్రెండ్స్ ముందు నాలుగుసార్లు వాయించమని.

ప్రశ్న: ఏమిటండీ మీ పొగడ్తలు! అది పచ్చి కాపీ. సగం నిర్వాణా, సగం పెర్ల్ జామ్. నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ పోయిన నెలల్లోనే వచ్చి ఆ ఖాళీలో దూరిపోయారు. అమెరికాలో అదృష్టం కలిసొచ్చింది, అంతేగా?

జవాబు: కోపంగా రాసినా పాయింటుతో రాశారు కాబట్టి వివరంగానే చెప్తాను. ఈ మాట మీరే మొదట అనలేదు, ఆస్ట్రేలియా పత్రికలే అప్పట్లో వీళ్ళని 'నిర్వాణా ఇన్ పజామాస్' అని ఏడిపించాయి, అక్కడ చిన్నపిల్లల టీవీ షో ఒకటుండేది 'బనానాస్ ఇన్ పజామాస్' అని, దాని మీద జోకు. కొబేన్ చనిపోయింది 1994 ఏప్రిల్‌లో, 'టుమారో' వచ్చింది సెప్టెంబరులో, కాబట్టి టైమింగ్ గురించి మీరన్నది నిజమే. జాన్స్ గొంతు బొంగురుగా కిందనుంచి లేస్తుంటే పెర్ల్ జామ్ గాయకుడు ఎడ్డీ వెడ్డర్ గుర్తురాకుండా ఉండడు, అదీ నిజమే. మెల్లగా మొదలెట్టి కోరస్‌కి ఒక్కసారి డిస్టార్షన్ (గిటారు మోతని గరగరలాడించేది) విప్పేసే పద్ధతి అప్పటికి రేడియోలో అందరూ వాడేస్తున్నదే.

కానీ ఒక్కసారి 'ఇజ్రాయెల్స్ సన్' మొదటి నిమిషం వినండి. బేస్ ఒక్కటే గరగరమంటూ వస్తుంది, తర్వాత డ్రమ్స్, తర్వాత గిటారు పడుతుంది. ఆ బరువు నిర్వాణా, పెర్ల్ జామ్‌ల సియాటిల్ నుంచి వచ్చింది కాదు, ఇంట్లో అమ్మానాన్నల రికార్డుల్లోంచి, బ్లాక్ సబ్బాత్, లెడ్ జెపెలిన్, డీప్ పర్పుల్ లాంటి పాత హార్డ్ రాక్ బ్యాండ్ల నుంచి వచ్చింది, దానికి హెల్మెట్ అనే న్యూయార్క్ బ్యాండ్ బిగువు కలిసింది. సియాటిల్ వాళ్ళు కూడా అదే సబ్బాత్ విని పెరిగినవాళ్ళే కదా. ఇక పదిహేనేళ్ళ వాళ్ళు అనుకరించారనడం నాకు పెద్ద నేరంగా అనిపించదు. సంగీతం నేర్చుకునే పిల్లాడు గురువుగారి గమకం అచ్చంగా దించేస్తే శభాష్ అంటాం, రాక్ దగ్గరికొచ్చేసరికి మాత్రం మొదటిరోజే సొంత గొంతు కావాలంటాం, ఇదేం న్యాయం? చూడాల్సింది దించింది సరిగ్గా దించాడా లేదా అని. వీళ్ళు దించారు. చెయ్యి ముందు పండింది, మాట ఇంకా పండలేదు. ఈ ఆల్బమ్ గురించి నేను చెప్పేది అదే.

అదృష్టం సంగతంటారా, 1995 జూన్‌లో అమెరికాలో రిలీజయ్యి అక్కడి ఆల్బమ్ చార్టు బిల్‌బోర్డ్ 200లో తొమ్మిదో స్థానం దాకా వెళ్ళింది, డబుల్ ప్లాటినం, అంటే ఇరవై లక్షల కాపీలు. రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్‌తో టూరు చేశారు, ఎంటీవీ అవార్డుల రోజు న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్ పైకప్పు ఎక్కి వాయించారు, డిసెంబరులో సాటర్డే నైట్ లైవ్ అనే టీవీ షోకి వెళ్ళారు. అదృష్టం తలుపు దాకా తీసుకెళ్తుంది, లైవ్‌లో చెయ్యి వణక్కుండా వాయించడం మాత్రం మనమే చెయ్యాలి.

ప్రశ్న: కవర్ మీద ఆ పచ్చ కప్ప ఏమిటి సార్?

జవాబు: 1960ల నాటి ఓ పాట పేరు నచ్చి ఆల్బమ్‌కి పెట్టుకున్నారు. పేరులో కప్ప ఉంటే కవర్ మీదకి కప్ప రాకేం చేస్తుంది. లోతు వెతకొద్దు.

ప్రశ్న: పాటల్లో అంతా చావులు, యుద్ధాలు, ఆత్మహత్యలు. బీచ్ పక్కన హాయిగా పెరిగిన పిల్లలకి అంత బాధ ఎక్కణ్ణుంచి వచ్చింది? నాకైతే నటనలా అనిపించింది.

జవాబు: నటన అనను గానీ అరువు అంటాను. జాన్సే అప్పట్లో చెప్పేవాడు, ఇవన్నీ టీవీ చూసి రాసినవని. 'టుమారో' పుట్టింది కూడా అలాగే, బాగా డబ్బున్నవాడొకడు పేదవాళ్ళుండే చోటికి వెళ్ళి ఎప్పుడు బయటపడదామా అని చూసే టీవీ ప్రోగ్రామ్ చూసి. 'ప్యూర్ మసాకర్' వార్తల్లో చూసిన యుద్ధం. నిజం చెప్పాలంటే చాలాచోట్ల మాటలు తేలిపోతాయి, ప్రాస కోసం పడేసిన లైన్లు తెలిసిపోతూనే ఉంటాయి, 'లీవ్ మీ అవుట్' లాంటివి స్కూలు నోట్‌బుక్ వెనకపేజీలో రాసినట్టే ఉంటాయి.

కానీ 'ఫాల్ట్‌లైన్' ఒకటుంది, దాన్ని ఈ లెక్కలో కలపకండి. 1989 డిసెంబరు 28న న్యూకాజిల్‌లో భూకంపం వచ్చింది, తీవ్రత 5.6, పదమూడు మంది చనిపోయారు. ఆస్ట్రేలియాలో భూకంపానికి జనం చనిపోవడం అరుదు, ఆ ఊరికి అది మర్చిపోలేని దెబ్బ. అప్పటికి వీళ్ళకి పదేళ్ళు. ఈ పాట దాని గురించే. వినేటప్పుడు తేడా మీకే తెలుస్తుంది, మిగతావాటిలో టీవీ తెర అడ్డంగా ఉంటుంది, ఇందులో ఉండదు. అలాంటివి ఇంకో మూడు ఉండుంటే ఆల్బమ్ ఇంకో మెట్టు పైనుండేదని నాకనిపిస్తుంది.

ప్రశ్న: ఈ ఆల్బమ్ విని ఎవరో హత్య చేశారని చదివాను. మా పిల్లలు వినొచ్చా?

జవాబు: మీరు చదివింది అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 1996లో కోర్టుకెక్కిన కేసు. ఇద్దరు కుర్రాళ్ళు వాళ్ళలో ఒకడి అమ్మానాన్నల్నీ చిన్న తమ్ముణ్ణీ హత్య చేస్తే, డిఫెన్స్ లాయరు 'ఇజ్రాయెల్స్ సన్' పాట ప్రభావం అనే వాదన ముందుకు తెచ్చాడు. అది నిలబడలేదు, ఇద్దరికీ శిక్ష పడింది. పాటలో హింస మాటలున్నాయి, కాదనను, టీనేజ్ పిల్లలు వింటే పక్కన కూర్చుని మీరూ వినండి. 'సూయిసైడల్ డ్రీమ్' అనే పాట కూడా ఉంది, ఇంట్లో పిల్లలు అలాంటి మూడ్‌లో కనిపిస్తే పాట ఆపెయ్యడంతో పని అయిపోదు, వాళ్ళతో మాట్లాడండి, అవసరమైతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా అబ్బాయి పదో క్లాసు. బ్యాండ్ పెడతానంటున్నాడు, ఇదిగో వీళ్ళని చూపిస్తున్నాడు. చదువు మానేసి రాక్ స్టార్లు అయిపోయారట కదా?

జవాబు: మానలేదమ్మా! ఆ సంగతి మీ అబ్బాయి చెప్పకుండా దాచాడేమో. ఆల్బమ్ అమెరికాలో లక్షల్లో అమ్ముడుపోతున్నప్పుడు కూడా వీళ్ళు న్యూకాజిల్‌లో హైస్కూలుకి పోయేవాళ్ళు, టూర్లు చాలావరకు సెలవుల్లో పెట్టుకునేవాళ్ళు, వెంట అమ్మో నాన్నో ఉండేవాళ్ళు. స్టేజీ దిగితే హోటల్ గదిలో హోంవర్కు. స్కూలు పూర్తిచేశాకే పూర్తిగా మ్యూజిక్‌లోకి దిగారు. ఈ పేరా మీవాడికి చూపించండి, నన్ను తిట్టుకున్నా పర్లేదు.

ప్రశ్న: అన్నా, నాకు గిటారు వచ్చు, ఒక డిస్టార్షన్ పెడల్ ఉంది. 'ఇజ్రాయెల్స్ సన్' లాంటి సౌండ్ రావట్లేదు, సన్నగా కందిరీగలా వస్తోంది. ఏం కొనాలి?

జవాబు: ఏమీ కొనకు తమ్ముడూ. ముందు ఆరో తీగని, అదే అన్నిటికన్నా లావుగా ఉండేదాన్ని, ఈ నుంచి ఒక స్వరం దించి డీకి తెచ్చుకో. దీన్నే డ్రాప్ డీ అంటారు, ఆ పాట అందులోనే ఉంది. ఇలా చేస్తే లావుగా ఉండే మూడు తీగల మీద ఒక్క వేలు అడ్డంగా వేస్తే చాలు పవర్ కార్డ్ వచ్చేస్తుంది, వేగంగా జారొచ్చు. రెండోది, గెయిన్ మొత్తం తిప్పేసి ఉంటావ్, సగానికి తగ్గించు. రికార్డులో వినే బరువంతా డిస్టార్షన్‌దే అనుకుంటాం, నిజానికి సగం బేస్‌ది. ముగ్గురి బ్యాండ్‌లో గిటారు కింద నేల పరిచేది బేసే, నువ్వొక్కడివే గదిలో వాయిస్తే ఆ నేల ఉండదు కాబట్టి సన్నగానే అనిపిస్తుంది. ఆంప్‌లో మిడ్ (మధ్యస్థాయి స్వరాల మోత) పూర్తిగా తగ్గించే అలవాటు కూడా ఉంటే మానెయ్, ఒంటరిగా బాగుంటుంది గానీ డ్రమ్స్ మొదలవగానే గిటారు ఎటుపోయిందో కనపడదు. బేస్ వాయించే ఫ్రెండ్ ఒకణ్ణి వెతుక్కో, పెడల్ కన్నా చవక.

ప్రశ్న: మొత్తం పదకొండు పాటలు వినే ఓపిక లేదు. రెండు చెప్పండి. తర్వాత ఈ బ్యాండ్ ఏమైంది?

జవాబు: 'ఇజ్రాయెల్స్ సన్', 'ఫాల్ట్‌లైన్'. 'టుమారో' ఎలాగూ ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఓపిక మిగిలితే 'మ్యాడ్‌మ్యాన్' పెట్టుకోండి, అందులో మాటలే లేవు, వీళ్ళ బలహీనత పక్కకి తప్పుకుని బలం ఒక్కటే మిగిలిన పాట. రెండోవైపు కొంచెం సాగుతుంది, 'సికాడా' దగ్గర నేనైతే ముందుకి జరిపేస్తాను.

బ్యాండ్ విషయానికొస్తే, 1995లో ఆస్ట్రేలియా సంగీత అవార్డులైన ఆరియాల్లో ఐదు గెలిచారు, 1997లో 'ఫ్రీక్ షో', 1999లో 'నియాన్ బాల్‌రూమ్' వచ్చాయి, 'నియాన్ బాల్‌రూమ్'కి వచ్చేసరికి వయొలిన్లూ పియానో చేరాయి, మాటలు టీవీలోంచి కాక జాన్స్ సొంత జబ్బులోంచి వచ్చాయి (తిండి మానేసే అనొరెక్సియాతో బాధపడ్డాడు). 2002లో 'డయొరామా', 2007లో 'యంగ్ మోడర్న్'. మొత్తం ఐదు ఆల్బమ్‌లూ ఆస్ట్రేలియాలో నంబర్ వన్. 2011లో బ్యాండ్ ఆపేశారు. 'నియాన్ బాల్‌రూమ్' కూడా వింటానంటే ముందు 'ఫ్రాగ్‌స్టాంప్' విన్నాకే వినండి, తిరగేసి వింటే మొదటిదానికి అన్యాయం చేసినట్టవుతుంది.