లండన్ సంగతి తర్వాత, ముందు పార్టులు తీసుకురా

అల్లుడూ,

ప్రొడ్యూసర్ ఒప్పుకున్నాడు, నీ సినిమా క్లైమాక్స్‌కి లైవ్ ఆర్కెస్ట్రా, క్వయర్ (బృందగానం) రెండూ పెట్టుకోమన్నాడని నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్తుంటే ఎంత సంతోషం వేసిందో. ఆ వెంటనే "లండన్‌లోనే చేద్దామనుకుంటున్నా మావయ్యా" అన్నావు చూడు, అక్కడ గుండె ఝల్లుమంది. మీ అత్తయ్య నిద్రపోతోందని అప్పుడు ఎక్కువ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నా.

ఆబీ రోడ్ స్టూడియో వన్ గొప్పదే, కాదనను. 1931లో ఇంగ్లిష్ స్వరకర్త ఎల్గార్ కండక్ట్ చేస్తే తెరుచుకున్న గది. దాదాపు 40 అడుగుల ఎత్తు, వందమంది వాద్యకారులు కూర్చున్నాక కూడా క్వయర్‌కి చోటుంటుంది. హాంప్‌స్టెడ్‌లో ఎయిర్ స్టూడియోస్ వాళ్ల లిండ్‌హర్స్ట్ హాలైతే ఒకప్పటి చర్చి, పైన వేలాడే పందిరిని ఎత్తుతూ దించుతూ గది మోతని కావలసినంత ఉంచుకోవచ్చు. కానీ అక్కడ సెషన్ అంటే మూడు గంటలు, అందులోనే బ్రేకులు, మీ బడ్జెట్‌కి ఒక్క సెషన్ వస్తే గొప్ప. ఆ ఒక్క సెషన్ నీ జీవితంలో మొదటి ఆర్కెస్ట్రా సెషన్ కాకూడదనే నా గొడవంతా.

యూరప్‌లోనే బుడాపెస్ట్ చూడు, ప్రేగ్ చూడు, మాసిడోనియాలో స్కోప్యే చూడు. ఏళ్లుగా సినిమాలకీ గేములకీ వాయిస్తున్న వాళ్లు. ఇళయరాజా గారు 2005లో వచ్చిన తిరువాచకం ఆల్బమ్‌కి బుడాపెస్ట్ ఆర్కెస్ట్రానే తీసుకున్నారు. ఇంకో సంగతి ఉంది, అది మీ ప్రొడ్యూసర్‌కి ముందే చెప్పు. లాస్ ఏంజెలెస్ యూనియన్ ఒప్పందంలో అయితే సినిమా తర్వాత టీవీకి, ఓటీటీకి అమ్ముడుపోయినప్పుడు వాద్యకారులకు మళ్లీ వాటా వెళ్తుంది. బుడాపెస్ట్, ప్రేగ్‌లలో సాధారణంగా ఒక్కసారి డబ్బులిస్తే హక్కులన్నీ మనవే. కాగితం మీద ఆ ముక్క ఉందో లేదో మాత్రం లాయర్‌తో చూపించుకో.

సరే, ఊరు ఏదైనా డబ్బు తగలబడేది గదిలో కాదు, కాగితం మీద. నా కథ ఒకటి విను, పరువు పోయిన కథే. అప్పట్లో కంప్యూటర్‌లో స్కోర్ (అన్ని వాద్యాలకీ కలిపి రాసే నొటేషన్) రాసుకుని, అందులో అన్నీ వినపడే స్వరాల్లోనే ఉంచుకుని, ఒక్కో వాద్యానికి విడి కాగితాలు, అదే పార్టులు, విడగొట్టేటప్పుడు నాలుగు హార్న్‌లకి (ఇత్తడి బాకాలు, కాగితం మీద ఉన్నదానికంటే కిందికి పలుకుతాయి, అందుకే పైకి మార్చి రాయాలి) ఎఫ్‌లోకి మార్చడం మర్చిపోయా. వాళ్లు రాసింది రాసినట్టు చదివారు, అంటే నేను అనుకున్న స్వరం నుంచి లెక్కపెడితే కిందికి ఐదో స్వరం పలికింది. వాళ్లు అక్కడ వాయిస్తుంటే నేను ఇక్కడ అమీర్‌పేటలో ఒక గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నెట్‌లో వింటున్నా, స్ట్రింగ్స్ అమృతం, హార్న్‌లు రాగానే ఎవరో గేదెల్ని తోలుకొచ్చినట్టుంది. నెట్ ప్రాబ్లమ్ అనుకున్నా మొదట. అటువైపు నుంచి కండక్టర్ చాలా మర్యాదగా "17వ బార్ మీరు కావాలని అలా రాశారా" అని అడిగాడు (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది). అప్పటికప్పుడు పార్టులు మార్చి పంపి, వాళ్లు ప్రింట్ తీసి పంచేసరికి ఇరవై నిమిషాలు పోయాయి, మిగతావాళ్లంతా జీతం తీసుకుంటూ కబుర్లు చెప్పుకున్నారు. కాబట్టి ప్రతి పార్టూ ప్రింట్ తీసి, చేత్తో పట్టుకుని, నువ్వే ఆ వాద్యం వాయించేవాడివనుకుని మొదటి నుంచి చివరిదాకా చదువు. ప్రతి బార్ మీదా నంబరుండాలి. పేజీ తిప్పే చోట రెస్ట్ (వాయించక్కర్లేని ఖాళీ) ఉండాలి. రిహార్సల్ ఉండదురా అక్కడ, చూస్తూనే వాయిస్తారు, నీ మనసులో ఉన్న మెల్లగా, గట్టిగా అన్నీ రాసి ఉంటేనే వాళ్లకు తెలుస్తాయి.

క్లిక్ ట్రాక్‌ని (హెడ్‌ఫోన్స్‌లో లయ చూపే టిక్కు టిక్కు) పిక్చర్ లాక్ అయ్యాకే, అంటే ఎడిటింగ్ ఖరారయ్యాకే పంపు. మన డైరెక్టర్ల సంగతి తెలుసుగా, లాక్ అయిందంటారు, మర్నాడు రెండు షాట్లు లేపేస్తారు. ముందు రెండు బార్లు కౌంట్ ఇవ్వు. మెత్తగా ముగిసే క్యూలో (ఒక్కో సీన్‌కి రాసే సంగీతం ముక్క) చివరి స్వరం దగ్గర క్లిక్ తగ్గించమని చెప్పు, లేకపోతే అందరి హెడ్‌ఫోన్స్‌లోంచి కారిన టిక్కు టిక్కు మైక్‌లో పడి తర్వాత తీయలేక చస్తావు.

నువ్వు ఆ కల్యాణి ముక్కని అరవైమంది స్ట్రింగ్స్‌కి ఇస్తానన్నావు. వద్దు. గమకం వాళ్లు చదివే స్టాఫ్ నొటేషన్‌లో ఎక్కదు, ఎక్కించినా అంతమంది ఒకేలా ఊపలేరు, జారుడుబల్లలా ఉంటుంది. ఆ లైన్ మన వయొలిన్ ఆయనతో ఇక్కడే సోలోగా వాయించు, వాళ్లకి కింద నిలబడే పొడుగు స్వరాలివ్వు. రెండూ కలిస్తే నీకే ఒళ్లు పులకరిస్తుంది.

క్వయర్ విషయంలో నా మాట విను, సంస్కృత శ్లోకం అంటున్నావు కాబట్టి ఇక్కడే చెయ్యి. సికింద్రాబాద్ చర్చి క్వయర్లలో నాలుగు గొంతుల్లో విడివిడిగా పాడటం చిన్నప్పటి నుంచి అలవాటున్న పిల్లలు దొరుకుతారు, "ధ" కి "ద" కి తేడా నేర్పక్కర్లేదు. బయటే చేయాల్సి వస్తే మాటలు వాళ్ల లిపిలో పలికేట్టు అక్షరం అక్షరం విడగొట్టి స్వరాల కింద రాయి, నెమ్మదిగా నీ గొంతుతో చదివి ఆడియో కూడా పంపు. ఎక్కువ అచ్చులున్న మాటలు ఎంచుకో, ఒత్తులు గుంపుగా వస్తే ఇంత పెద్ద హాల్లో అంతా గజిబిజి.

మైకుల గురించి వాళ్లకు చెప్పబోకు, వాళ్లకి తెలుసు. కండక్టర్ తల పైన టీ ఆకారంలో మూడు మైకులు, డెకా ట్రీ అంటారు, అసలు సౌండ్ దాన్లోనే ఉంటుంది, మిగతావి దగ్గర మైకులు. నువ్వు అడగాల్సింది ఒకటే, అన్నీ కలిపేసిన మిక్స్ ఒక్కటే కాకుండా ట్రాక్‌లన్నీ విడివిడిగా కావాలని. స్ట్రింగ్స్, బ్రాస్ (బాకాలు) వేరు వేరుగా రికార్డ్ చేయించుకుంటే ఇంకా మంచిది. ఫైట్‌లో హీరో డైలాగ్ వచ్చినప్పుడు బ్రాస్ ఒక్కటీ తగ్గించుకోవచ్చు.

టైమ్ సరిగ్గా లెక్కపెట్టుకో. బుడాపెస్ట్ మనకంటే ఎండాకాలంలో మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర. మార్చిలో, అక్టోబర్‌లో చివరి ఆదివారం వాళ్లు గడియారం తిప్పేస్తారు, ఆ వారంలో బుక్ చేస్తే రెండుసార్లు చూసుకో. సెషన్‌లో మన వైపు నుంచి ఒక్కడే మాట్లాడాలి, అది నువ్వే. డైరెక్టర్ గారిని పక్క గదిలో సోఫాలో కూర్చోబెట్టి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించు, ఏదైనా చెప్పాలంటే నీ చెవిలో చెప్పమను.

ఆదివారం పొద్దున్నే రా, మధ్యాహ్నం భోజనం ఇక్కడే, అత్తయ్య గుత్తొంకాయ చేస్తానంది. స్కోర్ ఫోన్‌లో చూపించకు, నా కళ్లకి ఆనదు. హార్న్ పార్టులు నాలుగూ ప్రింట్ తీసి పట్రా, ముందు వాటినే చూద్దాం.

మీ మావయ్య