రోమన్ సైనికుడు యుద్ధం లేని రోజులలో ఏమి చేసేవాడు?

సినిమాలలో రోమన్ సైనికుడు ఎప్పుడూ కత్తి దూస్తూనే కనిపిస్తాడు, మిగతా రోజులు ఎలా గడిచేవి అని అడిగారు. వెటకారం అనుకోకండి, నాకు తెలిసినంతలో సెలవు చీటీలు రాసుకునేవాడు.

ఉద్యోగరీత్యా మూడేళ్లు ఇంగ్లండ్ ఉత్తరాన న్యూకాసిల్‌లో ఉన్నాను. అక్కడి నుంచి కారులో గంట ప్రయాణం చేస్తే విండొలాండా అనే రోమన్ కోట శిథిలాలు వస్తాయి. నేను మొదటిసారి వెళ్లింది ఏప్రిల్‌లో. అయినా గాలి చెవులు కోసేస్తోంది. పునాది రాళ్ల మధ్య కాసేపు తిరిగి, చలికి తాళలేక మ్యూజియంలో దూరాను. అంతకు మించి చరిత్ర మీద ప్రేమ ఏమీ లేదు అప్పటికి.

లోపల మసక వెలుతురులో అద్దం వెనుక కొన్ని చెక్క పలకలు ఉన్నాయి. పోస్టుకార్డంత సైజు, ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం. మన తాటాకుల మీద గంటంతో గీసేవారు కదా, వీళ్లు కలం సిరాలో ముంచి రాశారు. 1973లో రాబిన్ బర్లీ జరిపిన తవ్వకాలలో ఇవి తొలిసారి బయటపడ్డాయి. గాలి చొరని తడి మట్టిలో ఉండిపోవడం వల్ల దాదాపు 1900 ఏళ్లు చెక్కుచెదరలేదు. ఎక్కువ భాగం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. హేడ్రియన్ చక్రవర్తి క్రీ.శ. 122లో ఆ ప్రాంతంలో తన పేరు మీద గోడ మొదలుపెట్టడానికి ముందు కాలానివి చాలావరకు.

వాటిలో కోట అధిపతి ఫ్లావియస్ కెరియాలిస్‌కు వచ్చిన సెలవు దరఖాస్తులున్నాయి. 'ప్రభూ, సెలవు ఇవ్వదగినవాడినని నన్ను భావించవలసిందిగా ప్రార్థిస్తున్నాను' అనే ధోరణి. చిన్నప్పుడు బడిలో 'తమ విధేయుడైన విద్యార్థి' అని రాసినదానికీ దీనికీ పెద్ద తేడా కనిపించలేదు నాకు.

వాటిలో నాకు అన్నింటికంటే నచ్చినది టుంగ్రియన్ల మొదటి దళం హాజరు పట్టీ. తేదీ మే 18. పట్టీలో ఉన్నవారు 752 మంది. అందులో 456 మంది వేరే చోట్ల పనుల మీద ఉన్నారు, 337 మంది కోరియా అనే ఒక్క చోటే. కోటలో మిగిలింది 296. వారిలో జబ్బుపడినవారు 15, గాయపడినవారు 6, కళ్లకలక వచ్చినవారు 10. పనికి సిద్ధంగా ఉన్నవారు 265. కత్తి దెబ్బ తగిలినవారి కంటే కళ్లకలక వచ్చినవారే ఎక్కువ!

ఇంకో పలకలో ఎవరో ఎవరికో మేజోళ్లు, రెండు జతల చెప్పులు, రెండు లోదుస్తులు పంపినట్లు రాసి ఉంది. పంపినవారి పేరు మిగల్లేదు. మా అమ్మ ఆవకాయ సీసా పగలకుండా చుట్టూ ఉన్ని మేజోళ్లు చుట్టి పార్సిల్ చేసేది. నూనె మరకతో వచ్చిన ఆ మేజోళ్లే వేసుకుని ఆ రోజు ఆ పలక ముందు నిలబడ్డాను. మాస్క్లస్ అనే అశ్వికదళ అధికారి మాత్రం, రేపటికి ఆజ్ఞ ఏమిటో చెప్పమని అడిగి, చివర్లో 'మావాళ్ల దగ్గర బీరు లేదు, పంపించండి' అని కలిపాడు.

వీళ్లెవరూ రోమ్ నగరం వాళ్లు కారు. కెరియాలిస్ దళంలోని బటావియన్లు నేటి నెదర్లాండ్స్ వైపు వాళ్లు, టుంగ్రియన్లు నేటి బెల్జియం వైపు వాళ్లు. లీజియన్లలో, అంటే రోమ్ ప్రధాన సేనలలో, చేరాలంటే పౌరసత్వం ఉండాలి. అది లేనివారు ఇలాంటి సహాయక దళాలలో చేరి, 25 ఏళ్లు పనిచేస్తే పౌరసత్వం దక్కేది. అమెరికాలో గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్న నా మిత్రుడికి ఇది చెబితే, 'ఖాయంగా ఇస్తారంటే నేనూ డాలు పట్టుకునేవాడినే' అన్నాడు.

జీతం సంగతి బ్రిటన్ పలకల కంటే ఇజ్రాయెల్‌లోని మసాదా కోటలో దొరికిన ఒక పపైరస్ (రెల్లుతో చేసిన కాగితం) బాగా చెబుతుంది. గాయస్ మెస్సియస్ అనే సైనికుడికి ఒక విడతగా 50 డెనారీలు (రోమన్ వెండి నాణేలు) జమ అయ్యాయి. బార్లీకి 16, తిండికి 20, బూట్లకు 5, తోలు పట్టీలకు 2, నార చొక్కాకు 7 కోశారు. కూడి చూడండి, చేతికి ఎంత వచ్చిందో తెలుస్తుంది.

పెళ్లికి చట్టం ఒప్పుకునేది కాదు. క్రీ.శ. 200కు కాస్త ముందు సెప్టిమియస్ సెవెరస్ హయాంలో గానీ ఆ కట్టు సడలలేదు. కానీ విండొలాండా మ్యూజియంలో తవ్వకాలలో దొరికిన చెప్పుల వరుసలో పసిపిల్లల బూట్లు కూడా ఉన్నాయి. చట్టం దారి చట్టానిది, కాపురం దారి కాపురానిది.

యుద్ధం ఊసున్న పలకలు అరుదు. ఒకదానిలో బ్రిటన్ల పోరాట పద్ధతి గురించి నాలుగు ముక్కలున్నాయి: కవచాలు ఉండవు, గుర్రపు దళం చాలా ఎక్కువ, గుర్రపు రౌతులు కత్తులు వాడరు. అక్కడే వాళ్లను 'బ్రిట్టుంకులి' అన్నాడు రాసినవాడు. బ్రిటన్ గాళ్లు అన్నట్లు, తక్కువ చేసే మాట. ఆ రోజు మాకు ఇవన్నీ వివరించిన పెద్దాయన ఆ ఊరివాడే. ఆ మాట దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకుని, 'ఇది మా తాతల గురించే' అని నవ్వాడు.